మోసపోయింది నేనే, ఇంగ్లీషులో మోసం చేసిందీ నేనే

బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. ఈసారి నిజం బ్యాంకే. "మేడమ్, మీరు పంపిన మెయిల్ చదివాను. చిన్న డౌట్. ఇంతకీ ఎవరు ఎవర్ని మోసం చేశారు?" అన్నాడు అవతలి అబ్బాయి. గొంతులో వెటకారం ఏమీ లేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు పాపం.

ఫోన్ పెట్టేసి, నేను పంపిన మెయిల్ తెరిచి చూసుకున్నాను. సబ్జెక్ట్ లైన్‌లో పెద్ద అక్షరాలతో 'ఐ హేవ్ చీటెడ్ ఆన్ ఫోన్' అని ఉంది. రాసింది నేనే. పదిహేడేళ్లుగా అనువాదాలు చేసుకుని బతుకుతున్న మనిషిని. 'నేను మోసం చేశాను' అని నా అంతట నేనే బ్యాంకుకి నేరం ఒప్పుకుంటూ రాసిచ్చాను.

టెన్షన్‌లో ఉన్నమాట నిజమే. అంతకు అరగంట ముందే ఒకడు బ్యాంకు మనిషినని చెప్పి, మీ కార్డు ఆగిపోతుందని కంగారు పెట్టి, నా చేత ఓటీపీ చెప్పించుకుని ఖాతా ఊడ్చేశాడు. చేతులు వణుకుతున్నాయి. కానీ చేతులు వణికితే అక్షరాలు తప్పు పడాలి. నాకు వ్యాకరణం తప్పింది. పైగా నా ఉద్యోగం ఇంగ్లీషులోంచి తెలుగులోకి రావడమే తప్ప తెలుగులోంచి ఇంగ్లీషులోకి వెళ్లడం కాదు. ఆ దారిలో కాలు జారడం నాకు కొత్త కాదు. అయినా మరీ ఇలాగా అని రెండు రోజులు ఆలోచించాక దొంగ దొరికాడు. ఫోన్ దొంగ కాదు, వ్యాకరణం దొంగ. మన 'మోసపోయాను' అనే మాట.

చూడండి, 'మోసపోయాను' అన్నప్పుడు కర్త నేను. మోసం చేసినవాడి ఊసే ఆ వాక్యంలో ఉండక్కర్లేదు. తడిసిపోయాను, అలిసిపోయాను, మోసపోయాను. అన్నీ ఒకే బాపతు. వానలో తడిసినంత సహజంగా మోసంలో తడిసి ఇంటికొస్తాం. ఇంగ్లీషు 'చీట్' అలా ఒప్పుకోదు. ఆ క్రియ ముందు ఎవరు నిలబడితే వాళ్లే మోసగాళ్లు. అది నా మీద జరిగిన మోసమని చెప్పాలంటే మధ్యలో 'బీన్' పడాలి. 'ఐ హేవ్ బీన్ చీటెడ్'. ఆ ఒక్క ముక్క జారిపోయేసరికి ఫిర్యాదు చేసినదాన్ని ముద్దాయినైపోయాను.

మోసపోవడాన్ని మనలా చెప్పుకునే దారి ఇంగ్లీషులో అసలు లేదనుకోకండి. 'ఐ ఫెల్ ఫర్ ఇట్' అంటారు. ఇందులో కర్త మోసపోయినవాడే, బీన్ గొడవ లేదు, మన 'పోవడం' లాగే వాళ్లకీ ఒక 'పడటం' ఉంది. విచిత్రమేమిటంటే ఎవరి మీదైనా మనసు పడ్డా అదే 'ఫెల్ ఫర్'. 'ఐ వాజ్ టేకెన్ ఇన్' అని ఇంకోటి ఉంది, కాస్త మర్యాదగా, పెద్దమనిషి తన పొరపాటు ఒప్పుకున్నట్టు ఉంటుంది. ఈ తరం పిల్లలైతే 'ఐ గాట్ స్కామ్డ్' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ మూడింట్లో ఏది రాసినా ఆ అబ్బాయికి డౌట్ వచ్చేది కాదు.

*

ఈ 'చీట్'తో నాకు గొడవ ఇది మొదటిసారి కాదు.

చాలా ఏళ్ల కిందట ఓ అనువాద బృందంలో కొత్తగా చేరాను. తలా ఓ దేశంలో ఉంటూ ఆన్‌లైన్‌లోనే పని. ఆ వారం నా చేతి గడియారం కనపడకుండా పోయింది. మా అమ్మది. ఆగి ఆగి నడిచేది, అయినా అది చేతికి లేకపోతే నాకు తోచదు. ఇల్లంతా తిరగేశాను. మా ఆయన కదలకుండా కూర్చుని, "నువ్వే ఎక్కడో పెట్టి మర్చిపోయి ఉంటావు. ఈమధ్య నీకు మతిమరుపు ఎక్కువైంది" అంటూ వచ్చారు. నాలుగు రోజులు నా బుర్ర మీద నాకే అనుమానం. ఐదో రోజు నా పుట్టినరోజు. పొద్దున్నే దిండు పక్కన గడియారం టిక్కుటిక్కుమంటోంది. బాగు చేయించి, కొత్త పట్టీ వేయించి తెచ్చారట.

ఆ సంబరంలో బృందం చాట్‌లో రాసేశాను. 'మై హజ్బెండ్ చీటెడ్ మీ ఫర్ ఫోర్ డేస్, ఐ యామ్ సో హ్యాపీ!'

కాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత లండన్‌లో ఉండే ఓ సహోద్యోగిని విడిగా మెసేజ్ పెట్టింది. నువ్వు బాగానే ఉన్నావు కదా, ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే నేనున్నాను, అని.

తనకేం అర్థమైందో నాకు అర్థం కావడానికి ఆ పూటంతా పట్టింది. 'చీట్ ఆన్' అంటే కట్టుకున్నవాళ్లకో ప్రేమించినవాళ్లకో తెలియకుండా ఇంకొకరితో సంబంధం పెట్టుకోవడం. నేను 'ఆన్' రాయలేదు నిజమే. కానీ మొగుడూ పెళ్లాల మధ్య 'చీట్' అన్న మాట వినపడగానే వినేవాళ్ల చెవులు ఆ 'ఆన్'ని తామే తెచ్చి తగిలించుకుంటాయి. నేను రాయాల్సింది 'ప్లేడ్ ఎ ట్రిక్ ఆన్ మీ'. లేదా 'హి హాడ్ మీ ఫూల్డ్'. ఇందులోనూ 'ఆన్' ఉంది చూశారా. ట్రిక్ పక్కన ఉంటే సరదా, చీట్ పక్కన ఉంటే కాపురం కూలిపోవడం. ఈ లెక్కన నా బ్యాంకు మెయిల్ ఇంకోసారి చదువుకుంటే, 'చీటెడ్ ఆన్ ఫోన్' అన్నాను కాబట్టి నా ఫోన్‌కి నేను ద్రోహం చేసి వేరే ఫోన్‌తో తిరుగుతున్నానని కూడా అనుకోవచ్చు.

మనం చేసే పొరపాటు ఏమిటంటే, 'మోసం' అన్న ఒక్క మాటకి 'చీట్' అన్న ఒక్క మాటని జోడీ కట్టేసి, ఆ జంటని ఎక్కడికి పడితే అక్కడికి పంపించేస్తాం. 'చీట్' పరిధి నిజానికి చిన్నది. ఎక్కువగా, నియమం ఒకటి ఉండి, దాన్ని చాటుగా తప్పితే చీట్. పేకాటలో ముక్క దాచడం, పరీక్షలో పక్కవాడి పేపర్లోకి తొంగిచూడటం, కాపురంలో మాట తప్పడం. మూడింట్లోనూ ముందే ఒప్పుకున్న కట్టుబాటు ఉంది. ఆటలో చీటింగ్‌కి తెలుగులో ఎంత చక్కని మాట ఉందో కదా, 'తొండి'. పరీక్షలో అయితే మనది 'కాపీ కొట్టడం'. వీటిని మనం మోసం అనం కూడా. 'వాడు పరీక్షలో మోసం చేశాడు' అని రాస్తే అది తెలుగు కాదు, తెలుగు లిపిలో ఇంగ్లీషు. అలాంటి వాక్యాలు నేనూ రాశాను, ఒప్పుకుంటాను.

'చీట్' పుట్టుక కథ నాకు చాలా ఇష్టం. 'ఎస్చీట్' అని పాత న్యాయశాస్త్రపు మాట. ఇంగ్లండ్‌లో వారసులు లేకుండా ఎవరైనా చనిపోతే వాళ్ల భూమి పైనున్న ప్రభువుకో రాజుకో తిరిగి వెళ్లిపోయే పద్ధతి అది. పూర్తిగా చట్టబద్ధం. దాన్ని వసూలు చేసే అధికారులు 'ఎస్చీటర్లు'. వాళ్లు వారసులున్న భూముల మీద కూడా ఏదో వంక పెట్టి చెయ్యేస్తున్నారని జనం ఎంతగా తిట్టుకున్నారంటే, ఆ ఉద్యోగం పేరు కాస్తా మోసానికి పేరైపోయింది. ముందున్న 'ఎస్' అరిగిపోయి 'చీట్' మిగిలింది.

*

పోయిన డబ్బు సంగతి పక్కనపెడితే, ఆ ఫోన్ పుణ్యాన నాలుగైదు నెలలు ఈ మాటల వెంటపడి ఓ నోట్‌బుక్ నింపాను. నాకు అర్థమైందేమిటంటే, ఇంగ్లీషులో మోసం క్రియల కంటే వాటి వెనక వచ్చే చిన్న తోకలే ముఖ్యం. 'ఇంటు', 'ఔట్ ఆఫ్'. అసలు కథంతా వాటిలోనే ఉంది.

'హి ట్రిక్డ్ మీ ఇంటు గివింగ్ హిమ్ ద ఓటీపీ.' ఇక్కడ 'ఇంటు' తర్వాత ఉన్నది నేను చేసిన పని. వాడు నన్ను ఆ పనిలోకి దింపాడు. 'హి కాన్డ్ మీ ఔట్ ఆఫ్ మై సేవింగ్స్.' ఇక్కడ 'ఔట్ ఆఫ్' తర్వాత ఉన్నది నా దగ్గర్నుంచి పోయిన సొమ్ము. ట్రిక్, ఫూల్, కాన్ రెండు తోకలూ పెట్టుకుంటాయి. 'స్విండిల్' ఎక్కువగా 'ఔట్ ఆఫ్'తోనే తిరుగుతుంది, ఎందుకంటే దాని ధ్యాసంతా డబ్బు మీదే. 'డిఫ్రాడ్' కోర్టు గుమాస్తా లాంటిది, ఉత్త 'ఆఫ్'తో సరిపెట్టుకుంటుంది.

మరి తెలుగులో ఈ తోకలు లేవా? ఉన్నాయి, క్రియ కడుపులోనే. పైన నేనే రాశాను చూడండి, 'నా చేత ఓటీపీ చెప్పించుకున్నాడు' అని. చెప్పింది నేను. చెప్పించింది వాడు. 'కున్నాడు' కాబట్టి లాభం వాడిది. ముగ్గురు సాక్షులు ఒకే మాటలో కూర్చున్నారు. రాయించుకున్నాడు, సంతకం పెట్టించుకున్నాడు, కొనిపించాడు. ఇవన్నీ ఇంగ్లీషులోకి వెళ్లాలంటే 'ఇంటు' తలుపు గుండానే వెళ్లాలి. ఈ కిటుకు నాకు పదిహేడేళ్ల కిందట ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

'కిటుకు' అన్నాను కదా, అదీ ఇంగ్లీషులో ట్రిక్కే. ట్రిక్ మంచి ఇంట్లో కూడా మెలిగే మాట. గారడీవాడిది ట్రిక్, పనివాడి చేతి నేర్పు 'ట్రిక్స్ ఆఫ్ ద ట్రేడ్', ఏదైనా ఉపాయం పారితే 'దట్ డిడ్ ద ట్రిక్'. ఈ చివరిదాన్ని ఒకసారి యంత్రానువాదం 'అది మోసం చేసింది' అని ఇచ్చింది. అది ఒక మరమ్మతు సూచనల కాగితం. స్క్రూ బిగించండి, అది మోసం చేసింది. నవ్వాను గానీ, మరీ ఎక్కువ నవ్వలేదు. ఎందుకంటే కొత్తలో 'చీట్ షీట్' అనే దాన్ని నేను 'మోసాల పట్టిక' అని రాసి పంపాను. ముఖ్యమైన సూత్రాలన్నీ ఒకే కాగితం మీద రాసుకునే చిట్టా అది. నాకు పైనున్న సంపాదకురాలు ఆ వాక్యం పక్కన ఒకే ఒక్క ప్రశ్నార్థకం పెట్టి వెనక్కి పంపారు. ఆవిడ ఇంకేం రాసినా అంత సిగ్గుపడేదాన్ని కాదు.

*

'కాన్' గురించి చెప్పకుండా ముందుకెళ్లలేను. ఎందుకంటే అక్కడా ఓ గడియారం ఉంది.

'కాన్' అంటే 'కాన్ఫిడెన్స్'కి పొట్టి పేరు. 1849లో న్యూయార్క్‌లో విలియం థాంప్సన్ అనే పేరుతో ఒకడు దొరికాడు. మంచి బట్టలు వేసుకుని దారిన పోయే పెద్దమనుషుల్ని పాత స్నేహితుడిలా పలకరించేవాడు. కాసేపు కబుర్లాడి, రేపటిదాకా మీ గడియారం నా చేతికిచ్చేంత నమ్మకం నా మీద మీకుందా అని అడిగేవాడు. జేబులో చెయ్యి పెట్టి లాక్కోడు, కత్తి చూపించడు. అడుగుతాడు, అంతే. లేదంటే ఎదుటివాణ్ని అవమానించినట్టవుతుందన్న మొహమాటానికి కొందరు ఇచ్చేసేవాళ్లు. ఇక ఆ గడియారం ముఖం మళ్లీ చూసేది లేదు. వాణ్ని పట్టుకున్నాక న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక 'కాన్ఫిడెన్స్ మ్యాన్' అని రాసింది. అదే అరిగి అరిగి 'కాన్ మ్యాన్' అయింది.

నా ఫోన్‌వాడు చేసిందీ ఇదే కదా అనిపించింది చదువుతుంటే. వాడు నా దగ్గర ఏమీ లాక్కోలేదు. అడిగాడు, నేనిచ్చాను. మనం 'నమ్మించి గొంతు కోశాడు' అంటామే, అందులో 'నమ్మించి' అన్న భాగమే ఈ 'కాన్' మొత్తం. ఇంగ్లీషువాళ్లు గొంతుకోతని వదిలేసి నమ్మకం పేరే పెట్టుకున్నారు.

రెండో గడియారం సినిమాలోది. నా పుట్టినరోజు కథంతా వివరంగా చెప్పాక మా లండన్ సహోద్యోగిని కుదుటపడుతుందనుకున్నాను. ఆవిడ ఇంకో మెసేజ్ పెట్టింది. నాలుగు రోజుల పాటు నీకే మతిమరుపని నమ్మించాడా, దాన్నేమంటారో తెలుసా అని. అప్పటికి 'గ్యాస్‌లైట్' అనే మాటని క్రియగా నేను వినలేదు.

ప్యాట్రిక్ హామిల్టన్ 1938లో రాసిన 'గ్యాస్ లైట్' నాటకం నుంచి వచ్చిందది. 1944లో హాలీవుడ్‌లో సినిమాగా వచ్చింది, అందులో నటించిన ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కి ఆస్కార్ తెచ్చిపెట్టింది. ఆ సినిమాలో మొగుడు వస్తువులు మాయం చేసి, నువ్వే పోగొట్టావంటాడు పెళ్లాంతో. రాత్రిళ్లు తను అటక మీద రహస్యంగా వెతుకులాడుతూ దీపం వెలిగిస్తే, కింద ఆమె గదిలో గ్యాస్ దీపం మసకబారుతుంది. దీపం తగ్గిందండీ అంటే అంతా నీ భ్రమ అంటాడు. ఓ రాత్రి సంగీత కచేరీలో నలుగురి మధ్య కూర్చున్నప్పుడు తన గడియారం పోయిందని, అది ఆమె సంచిలోంచే తీసి చూపిస్తాడు. ఆ సీను చూసి మా ఆయన వైపు తిరిగాను. ఆయన తెర వైపే చూస్తూ, "నేను తిరిగిచ్చేశాగా" అన్నారు.

ఇచ్చేశారు. పట్టీ కూడా వేయించారు. అక్కడే ఉంది తేడా. మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు 2022కి ఏడాది మాటగా 'గ్యాస్‌లైటింగ్'ని ఎంచుకుంది. అప్పట్నుంచి ఎవరు ఏ చిన్న అబద్ధం చెప్పినా గ్యాస్‌లైటింగే. 'నేను టిఫిన్ చేశాను' అని మా అమ్మాయి అబద్ధం చెబితే అది అబద్ధం. 'నేను చేశాను, నువ్వే చూసి మర్చిపోయావు, డాక్టర్‌కి చూపించుకో' అని నెలల తరబడి వేధిస్తే గ్యాస్‌లైటింగ్. ఎదుటివాళ్లకి తమ కళ్ల మీద, తమ జ్ఞాపకం మీద నమ్మకం చెడగొట్టాలి, అదీ పట్టువదలకుండా. ఒక బలమైన మాటని చిల్లర పనులకి వాడి అరగదీస్తున్నారని నాకు కోపం. తెలుగులో దీనికి సరైన జోడీ ఇంకా దొరకలేదు నాకు. 'పిచ్చిదాన్ని చేశాడు' దగ్గరగా ఉంది. అయితే 'పిచ్చిదాన్ని చేసి ఆడించాడు' అంటే మళ్లీ మామూలు మోసమైపోతుంది.

*

కళ్ల మాటొచ్చింది కాబట్టి 'హుడ్‌వింక్'. ఇది చూసిన వెంటనే తెలుగువాళ్లకి చుట్టం అనిపిస్తుంది. 'హుడ్' అంటే తలమీద ముసుగు. 'వింక్' అంటే ఇప్పుడు కన్ను గీటడం గానీ, వెనకటికి కళ్లు మూసుకోవడం. పదహారో శతాబ్దంలో ఈ మాట అక్షరాలా కళ్లకు గంతలు కట్టడమే. దాగుడుమూతల్లాంటి ఆటని కూడా 'హుడ్‌మన్ బ్లైండ్' అనేవాళ్లు. మోసం అన్న అర్థం తర్వాత వచ్చింది. ఎవరూ ఎవరి దగ్గరా ఎరువు తెచ్చుకోకుండా రెండు భాషలూ ఒకే గుడ్డ ముక్క పట్టుకుని ఒకే కళ్లకు కట్టాయి. 'పుల్ ద వూల్ ఓవర్ సమ్‌వన్స్ ఐస్' కూడా అదే కుటుంబం, గుడ్డకి బదులు ఉన్ని.

'బాంబూజిల్' అంటే నాకు మురిపెం. పలకడమే ఓ బోల్తా. దీని పుట్టుక గురించి నిఘంటువులే చేతులెత్తేశాయి, వెదురుతో మాత్రం సంబంధం లేదు. 1700 ప్రాంతాల్లో లండన్‌లో పోకిరీ మాటగా మొదలైంది. 1710లో రచయిత జొనాథన్ స్విఫ్ట్ 'టాట్లర్' పత్రికలో ఈ కుర్రకారు మాటలు భాషని పాడుచేస్తున్నాయని వాపోతూ ఇచ్చిన జాబితాలో ఇదీ ఉంది. ఆయన పోయి రెండున్నర శతాబ్దాలు దాటింది, బాంబూజిల్ దర్జాగా ఉంది. తెలుగులో దీనికి నేను వాడేది 'బురిడీ కొట్టించడం'. ఆ 'బురిడీ'లో ఉన్న తిప్పుడు ఆ 'బూజిల్'లో కూడా ఉంది. 'స్విండ్లర్' అయితే జర్మన్ నుంచి వచ్చిన మాట. ఆ భాషలో దాని మూలానికి కళ్లు తిరగడం అనే అర్థం కూడా ఉంది. మోసగాళ్లకీ తల తిరుగుడుకీ ఏదో ఉంది మొత్తానికి.

ఇక మోసపోయినవాళ్ల పేర్లు. ఇక్కడ ఇంగ్లీషు నాకు నచ్చలేదు. వాళ్లని పక్షుల్ని చేసింది. 'డ్యూప్' అనేది ఫ్రెంచి నుంచి వచ్చింది, కూకుడుగువ్వ పేరు మీద. తలమీద కిరీటంలా ఈకలుండే ఆ పిట్టకి బుర్ర తక్కువని అక్కడివాళ్ల నమ్మకం. అది పాపం ఏం తప్పు చేసిందో. ఏది చెప్పినా ఇట్టే నమ్మేసేవాణ్ని అనే 'గలిబుల్'లోని 'గల్' కూడా పిట్ట సంబంధమే అంటారు. 'సకర్' అంటే పాలు తాగే పసిగుడ్డు. 'మార్క్' అంటే గురి. 'ఈజీ మార్క్' అని నన్ను ఆ ఫోన్‌వాడు పక్కవాడితో అనే ఉంటాడు. మనం కూడా తక్కువేం తినలేదు. టోపీ పెట్టించుకున్నాడు, చెవిలో పువ్వు పెట్టించుకున్నాడు, పంగనామాలు పెట్టించుకున్నాడు అని, మోసపోయినవాడికి అలంకారమంతా మనమే చేసి నవ్వుకుంటాం. పొయ్యేది వాడి సొమ్ము, వేషం కూడా వాడికే.

మొన్న మా అమ్మాయి కొత్త బ్యాగు చూపించి, "అమ్మా, ఇది డ్యూప్" అంది. ఎవరు మోసం చేశారే నిన్ను అని లేచాను. "అబ్బా, డ్యూప్ అంటే మోసం కాదమ్మా. ఖరీదైన దాని లాంటిదే చవకది." ఇది వేరే డ్యూప్. 'డూప్లికేట్'కి పొట్టిది. పాత డ్యూప్‌లో కొన్నవాడు వెర్రివాడు. కొత్త డ్యూప్‌లో కొన్నవాడే తెలివైనవాడు. పైగా గొప్పగా చెప్పుకుంటాడు కూడా.

*

'డిసీవ్' మిగిలింది. ఇది పెద్దమనిషి మాట. స్పెల్లింగులో 'ఈ' ముందో 'ఐ' ముందో అని బళ్లో అందర్నీ ఏడిపించిన మాట కూడా. దీనికి డబ్బుతో పని లేదు. ఎదుటివాడి మనసులో లేనిది ఉన్నట్టు నాటడమే దీని పని. అందుకే దీనికి దొంగ కూడా అక్కర్లేదు. కళ్లు డిసీవ్ చేస్తాయి, పైపై మెరుగులు డిసీవ్ చేస్తాయి, మనల్ని మనమే డిసీవ్ చేసుకుంటాం. తెలుగులో దీనికి చాలాచోట్ల 'మోసం' కంటే 'భ్రమ పెట్టడం', 'ఏమార్చడం' అతుకుతాయి. దీని పిల్లల్లో 'డిసీట్‌ఫుల్' కుట్రబుద్ధి ఉన్న మనిషికి. 'డిసెప్టివ్' ఎక్కువగా వస్తువులకి, దృశ్యాలకి, దాని వెనక దురుద్దేశం ఉండి తీరాలని లేదు. నిశ్చలంగా కనిపించే నది డిసెప్టివ్, డిసీట్‌ఫుల్ కాదు.

'డిసెప్టివ్లీ' మాత్రం నా శత్రువు. ఒకసారి 'డిసెప్టివ్లీ సింపుల్' అని వచ్చింది. 'మోసపూరితంగా సులభం' అని రాయబోయి ఆగాను. చూడ్డానికి తేలికే గానీ నిజానికి కాదు అనా? లేక చూడ్డానికి కష్టంగా ఉన్నా నిజానికి తేలికే అనా? నాకు ఇంగ్లీషు రాక అనుకున్నాను. అమెరికన్ హెరిటేజ్ నిఘంటువు వాళ్లు తమ భాషా నిపుణుల్ని ఇలాంటిదే అడిగారు. 'డిసెప్టివ్లీ షాలో' అన్న ఈతకొలను లోతెంత అని. 50 శాతం మంది కనిపించేదానికంటే లోతు తక్కువ అన్నారు. 32 శాతం మంది కనిపించేదానికంటే లోతు ఎక్కువ అన్నారు. మిగతావాళ్లు చెప్పలేమన్నారు. అది కొలను గట్టు మీద బోర్డుగా పెడితే దూకేవాళ్ల గతేమిటో. మోసం గురించిన మాటే చదివేవాళ్లని మోసం చేస్తుంటే ఇంకేం చెబుతాం. నేను ఆ వాక్యాన్ని 'చూస్తే తేలికే అనిపిస్తుంది' అని రాసి పంపేశాను.

'ఫ్రాడ్', 'స్కామ్' గురించి పెద్దగా ఏమీ లేదు. ఫ్రాడ్ చట్టం మాట, ఫిర్యాదు పత్రాల్లో రాయాల్సింది అదే. స్కామ్ 1960లలో అమెరికాలో పుట్టిన వీధి మాట. మన పత్రికలు దాన్ని 'కుంభకోణం' స్థాయికి పెంచేశాయి. అందుకే నన్ను ఎవరో ఫోన్‌లో స్కామ్ చేశారని చెబితే మా మావయ్యగారు, "నీ దగ్గర అంత డబ్బెక్కడిదమ్మా?" అన్నారు. దొంగ మెయిళ్ల గాలం వేసి వివరాలు లాగే 'ఫిషింగ్'లో పాత చేపల వేటే ఉంది, స్పెల్లింగు మాత్రం మారింది. 1990లలో ఇంటర్నెట్ పిల్లదొంగలు మొదలుపెట్టారు. నా మీద జరిగింది గొంతుతో కాబట్టి దాన్ని 'విషింగ్' అంటారట. విన్నప్పుడు మొదట శుభాకాంక్షలు అనుకున్నాను.

ఎదుటివాడి మాట నమ్మలేదని చెప్పడానికి అమెరికన్లు వాడేది ఒకటుంది. అదంతా నమ్మితే నీకు అమ్మడానికి నా దగ్గరో వంతెన ఉంది, అంటారు. ఆ వంతెన న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వంతెన. 1883లో తెరిచారు. జార్జ్ సి. పార్కర్ అనేవాడు దొంగ కాగితాలతో దాన్ని కొత్తగా వలసొచ్చినవాళ్లకి అమ్మేసేవాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. చివరికి సింగ్ సింగ్ జైల్లో పోయాడు. మనకి 'చెవిలో పువ్వు' ఉంది కాబట్టి వంతెన అరువు తెచ్చుకోనక్కర్లేదు. కానీ ఎప్పుడైనా ఆ వాక్యం అనువాదానికి వస్తే మాత్రం వంతెనని వంతెనగా తెలుగులోకి మోసుకురాకండి.

'లీడ్ అప్ ద గార్డెన్ పాత్' అని ఇంకోటి. తోటదారి పట్టించడం. నెమ్మదిగా, తియ్యగా, తప్పు చోటికి తీసుకెళ్లడం. అమెరికాలో 'డౌన్' అంటారు, తోట ఒకటే. భాషాశాస్త్రంలో 'గార్డెన్ పాత్ వాక్యాలు' అని ఓ రకం వాక్యాలకే ఈ పేరు పెట్టుకున్నారు. థామస్ బీవర్ 1970లో ఇచ్చిన ఉదాహరణ ప్రసిద్ధం. 'ద హార్స్ రేస్డ్ పాస్ట్ ద బార్న్ ఫెల్.' కొట్టం పక్కనుంచి గుర్రం పరిగెత్తింది అని హాయిగా చదువుకుంటూ పోతాం. చివర్లో 'ఫెల్' వచ్చి కాలికి అడ్డం పడుతుంది. నిజానికి అక్కడ గుర్రం తనంతట తాను పరిగెత్తలేదు, దాన్ని ఎవరో పరిగెత్తించారు. అలా పరిగెత్తించిన గుర్రం పడిపోయింది. 'రేస్డ్' ముందు ఉండాల్సిన 'దట్ వాజ్' మాయమైంది.

అది చదివి నోట్‌బుక్ మూసేశాను. ఆ గుర్రం నేనే. 'చీటెడ్' ముందు ఉండాల్సిన ముక్క మాయమైన కస్టమర్ని.

బ్యాంకు అబ్బాయికి ఆ రోజే తెలుగులో అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. సవరించిన మెయిల్ కూడా పంపాను, ఈసారి 'బీన్'ని రెండుసార్లు సరిచూసుకుని. కానీ పాత మెయిల్‌కే జవాబుగా పంపినందువల్ల సబ్జెక్ట్ లైన్ మారలేదు. ఆ తర్వాత నాలుగు నెలల్లో పదకొండు జవాబులు వచ్చాయి, అన్నీ దాని కిందే. ఆఖరిది పోయిన వారం వచ్చింది. 'ఐ హేవ్ చీటెడ్ ఆన్ ఫోన్' అన్న శీర్షిక కింద, మీరు తెలియజేసిన విషయాన్ని నమోదు చేసుకున్నాం, సమాచారం అందించినందుకు ధన్యవాదాలు, అని ఉంది.